ఆన్‌లైన్ షాపులో ట్రాకింగ్ చెడిపోతే: యాప్, ట్యాగ్ మేనేజర్, సర్వర్‌లలో ఏది ఎవరికి?

మా వదిన బెంగళూరు రామమూర్తినగర్‌లో ఇంటి మేడ మీద రెండు గదుల్లో చిన్నపిల్లల పట్టు పరికిణీలు కుట్టించి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. పట్టు ధర్మవరం నుంచి రైల్లో వస్తుంది. లైనింగ్ గుడ్డ, లేసులు, హుక్కులు చిక్‌పేటలో కొంటుంది. కొనేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడివాళ్లూ, హైదరాబాద్ వాళ్లూ. అమెరికాలో ఉండి పాప మొదటి పుట్టినరోజుకు తెప్పించుకునేవాళ్లు వారానికి ఎనిమిది, పదిమంది ఉంటారు.

కిందటి దసరాకు ఇంకా నెలన్నర ఉందనగా ఒక ఆదివారం ఫోన్ చేసింది. "పోయిన వారం నలభైయారు ఆర్డర్లు వచ్చినాయి. ఎనలిటిక్స్‌లో ముప్పైమూడే సూపిస్తాంది. మెటాలో చూస్తే యాభైఎనిమిది. ఏది నమ్మేదబ్బా?" అంది. ఎనలిటిక్స్ అంటే షాపు సైట్‌కు వచ్చినవాళ్లను, కొన్నవాళ్లను లెక్కపెట్టే గూగుల్ ఎనలిటిక్స్. మెటా అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్ల లెక్క. అప్పటికే అమెరికా యాడ్లు ఆపేసింది. అక్కడ పెట్టిన డబ్బుకు ఏమీ తిరిగి రావడం లేదని రిపోర్టులో ఉంది మరి. యాడ్లు చూసే ఏజెన్సీ సర్వర్ ట్రాకింగ్ (కొనుగోలు లెక్కను బ్రౌజర్ నుంచి కాక సర్వర్ నుంచి పంపడం) పెట్టించుకోమంది. ఇంకొకాయన ఏ ఆర్డరు ఏ యాడ్ వల్ల వచ్చిందో చూపించే, నెలనెలా డబ్బు కట్టే ఒక అట్రిబ్యూషన్ యాప్ చెప్పాడు. తెలిసిన కుర్రాడు ట్యాగ్ మేనేజర్ (సైట్‌లో ఏం జరిగిందో ఎనలిటిక్స్‌కు, యాడ్ కంపెనీలకు చెప్పే ట్యాగ్‌లనే చిన్న కోడ్‌లను నడిపే గూగుల్ పనిముట్టు) మొత్తం తీసి కొత్తగా రాస్తానన్నాడు. ముగ్గురూ మందు చెప్పారు గానీ జబ్బు ఎక్కడుందో ఒక్కరూ చూడలేదు.

నేను ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఆఫీసులో డేటా పనే చేస్తాను. అయినా వదిన షాపు దగ్గర కూర్చున్న ఆ పది రోజుల్లో తెలుసుకున్నవి చాలా ఉన్నాయి. మన దగ్గర చిన్న షాపు నడిపేవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు ఆర్డర్ నంబర్లు జత చేయండి

ఒక గూగుల్ షీట్ తెరిచాం. ఒకవైపు షాపు అడ్మిన్‌లోని ఆర్డర్ నంబర్లు, డబ్బు కట్టిన పద్ధతి, దేశం, మొత్తం. రెండోవైపు ఎనలిటిక్స్‌లో 'ఎక్స్‌ప్లోర్' విభాగం నుంచి తీసిన ట్రాన్సాక్షన్ ఐడీలు, వాటి విలువ. వీలుకప్ ఫార్ములా పెట్టి రెంటినీ జత చేశాం. జీఏ4లో (ఇప్పటి గూగుల్ ఎనలిటిక్స్ పేరు) లెక్క స్థిరపడటానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు కాబట్టి చివరి రెండు రోజుల ఆర్డర్లను ఇందులో కలపలేదు. మీరు చేసేటప్పుడు షాపులోనూ, ఎనలిటిక్స్‌లోనూ భారత సమయమే ఉందో లేదో చూసుకోండి. అది తేడాగా ఉంటే రోజువారీ లెక్కలు ఎప్పటికీ కలవవు.

గంటన్నర పని. ఆ గంటన్నరలో బయటపడింది ఇది: కనపడని 13 ఆర్డర్లలో 10 యూపీఐవి. రెండు అమెరికావి, ఒకటి సీఓడీ. అంతకన్నా పెద్ద విషయం, కనపడిన ఆర్డర్లలోనే ఉంది. అమెరికా నుంచి వచ్చిన 9 ఆర్డర్లలో 7 ఎనలిటిక్స్‌కు చేరాయి, కానీ 68 డాలర్ల ఆర్డరు 68 రూపాయలుగా చేరింది. అంతకుముందు ట్యాగ్ రాసిన మనిషి కరెన్సీ దగ్గర ఐఎన్‌ఆర్ అని చేత్తో రాసేశాడు. షాపు డాలర్లలో ధర చూపిస్తుంటే ట్యాగ్ మాత్రం అంకె తీసుకుని పక్కన రూపాయి గుర్తు పెట్టి పంపింది. ఏడు ఆర్డర్లు కలిపినా ఐదువందల రూపాయలు రాలేదు. ఆ లెక్క చూసే వదిన అమెరికా యాడ్లు ఆపేసింది. నిజానికి ఒక్కో ఆర్డరు మీద ఎక్కువ మిగిలేది అక్కడే.

ఈ తప్పును సర్వర్ ట్రాకింగ్ సరిచేయదు, నెలకు ఎన్ని వేలు పోసిన యాప్ అయినా సరిచేయదు. ట్యాగ్‌లో ఒక్క లైను మార్చాలి, అంతే. అందుకే మీకు ఎవరు ఏ పరిష్కారం చెప్పినా సరే, ఆ షీటు చేసి చూడకుండా డబ్బు పెట్టవద్దని నా మాట. కనీసం రెండు వారాల ఆర్డర్లు జత చేయండి.

కలవకపోయినా తప్పు కానివి

కొన్ని తేడాలు ఎంత బాగుచేసినా పోవు, పోకూడదు కూడా. మెటా మామూలుగా యాడ్ నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నవాళ్లను, నొక్కకుండా చూసి ఒక రోజులోపు కొన్నవాళ్లను కూడా తన ఖాతాలో వేసుకుంటుంది. గూగుల్ యాడ్స్ ఆర్డరును యాడ్ నొక్కిన తేదీ కింద రాస్తుంది, జీఏ4 కొన్న తేదీ కింద రాస్తుంది. సోమవారం నొక్కి శుక్రవారం కొంటే ఒకదానిలో సోమవారం, ఇంకోదానిలో శుక్రవారం. అదే మనిషి మెటా యాడ్ చూసి, తర్వాత గూగుల్‌లో వెతికి కొంటే ఇద్దరూ నాదే అంటారు. రెంటినీ కూడితే ఆర్డర్ల కన్నా ఎక్కువ రావడం సహజమే.

వదిన మెటా లెక్కలోని 58లో మాత్రం కొంత నిజమైన తప్పు. వదిన షాపు నడిచేది షాపిఫై అనే ఆన్‌లైన్ షాపు ప్లాట్‌ఫామ్ మీద. దాని యాప్ ఒక పిక్సెల్ (కొనుగోలు సంగతి మెటాకు చెప్పే కోడ్) పంపుతోంది, థీమ్‌లో ఎప్పుడో అతికించిన పాత కోడ్ అదే పిక్సెల్‌ను ఇంకోసారి పంపుతోంది. ఒకే కొనుగోలు రెండు దారుల్లో వస్తే మెటా దాన్ని ఒకటిగా గుర్తించాలంటే ఈవెంట్ (కొనుగోలు లాంటి ఒక్కో సంఘటన) పేరూ, ఈవెంట్ ఐడీ రెండూ ఒకటే ఉండాలి. పాత కోడ్‌లో ఐడీనే లేదు.

గూగుల్ యాడ్స్‌లో ఇలాంటిదే ఒకటుంది, చాలామంది గమనించరు. యాడ్ వల్ల జరిగిందని లెక్కేసే కొనుగోలును అక్కడ కన్వర్షన్ అంటారు. జీఏ4 నుంచి తెచ్చుకున్న కొనుగోలు ఒక కన్వర్షన్, నేరుగా పెట్టిన యాడ్స్ ట్యాగ్ ఇంకో కన్వర్షన్, రెండూ 'ప్రైమరీ' అని ఉంటే ఒక్కో ఆర్డరు రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఒకే కన్వర్షన్ లోపల ట్రాన్సాక్షన్ ఐడీ నకళ్లను ఆపుతుంది గానీ వేరువేరు కన్వర్షన్ల మధ్య ఆపదు. ఒకదాన్ని 'సెకండరీ' చేస్తే చాలు. ఇది కేవలం రిపోర్టు అందం సమస్య అనుకోకండి. ఆటోమేటిక్ బిడ్డింగ్ ఆ ప్రైమరీ లెక్కనే చూసి వేలం పాడుతుంది. రెట్టింపు లాభం వస్తోందనుకుని రెట్టింపు ధర పెడుతుంది.

యూపీఐ దగ్గర పోయే ఆర్డర్లు

ఇది మన దేశపు షాపులకు ప్రత్యేకమైన బాధ, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎనలిటిక్స్ అయినా, పిక్సెల్ అయినా కొనుగోలు జరిగిందని తెలుసుకునేది సాధారణంగా ఆర్డరు పూర్తయ్యాక వచ్చే థాంక్యూ పేజీ తెరుచుకున్నప్పుడే. కార్డుతో కడితే బ్యాంకు పేజీ నుంచి తిరిగి షాపుకే వస్తారు, పేజీ తెరుచుకుంటుంది. ఫోన్‌లో యూపీఐతో కడితే షాపు పేజీ వెనక ఉండిపోయి పేమెంట్ యాప్ ముందుకు వస్తుంది. పిన్ కొడతారు, పచ్చ టిక్ కనిపిస్తుంది, పని అయిపోయిందని ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఇన్‌స్టాగ్రామ్ లోపలి బ్రౌజర్‌లో మొదలుపెట్టి ఉంటే ఆ పేజీ దగ్గరకు తిరిగి వెళ్లడం ఇంకా కష్టం. డబ్బు వచ్చిన సంగతి పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ) సర్వర్ మన షాపు సర్వర్‌కు వెబ్‌హుక్ (సర్వర్ నుంచి సర్వర్‌కు దానంతట అదే వెళ్లే కబురు) ద్వారా చెబుతుంది, ఆర్డరు నమోదవుతుంది, బట్ట కుట్టడం మొదలవుతుంది. థాంక్యూ పేజీ మాత్రం ఎవరూ తెరవలేదు. షాపిఫై డాక్యుమెంట్లలో కూడా ఈ మాట స్పష్టంగా ఉంది: ఆ పేజీ తెరుచుకోకపోతే చెక్అవుట్ పూర్తయిన ఈవెంట్ అసలు రాదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తక్కువ ధర వస్తువు ఒకటి మీరే ఫోన్‌లో కొనండి. యూపీఐతో కట్టండి. డబ్బు పోగానే బ్రౌజర్‌కు తిరిగి రాకుండా ఫోన్ లాక్ చేసి పక్కన పెట్టండి. కాసేపటి తర్వాత మెటా ఈవెంట్స్ మేనేజర్‌లోనూ, రెండు రోజుల తర్వాత జీఏ4లోనూ ఆ ఆర్డర్ నంబరు వచ్చిందేమో చూడండి. నేను దీన్ని తిరిగిరాని టెస్ట్ అంటున్నాను. కింద చెప్పే ఏ పద్ధతి పెట్టుకున్నా, ఎవరికి డబ్బిచ్చి చేయించుకున్నా, ఈ టెస్ట్ దాటాకే పని అయిందని ఒప్పుకోండి.

మొదటి దారి: ప్లాట్‌ఫామ్ ఇచ్చే యాప్

షాపిఫై అయితే గూగుల్‌కు, మెటాకు వాళ్ల యాప్‌లు ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్ షాపు అయితే ప్లగిన్లు ఉన్నాయి. పెట్టుకోవడం ఒక పూట పని, ఎక్కువగా ఉచితం. కరెన్సీ, ఆర్డర్ నంబరు, వస్తువుల జాబితా షాపు నుంచే సరిగ్గా వెళ్తాయి కాబట్టి వదినకు జరిగినట్టు చేత్తో రాసిన తప్పులు రావు. చెక్అవుట్ మారినప్పుడల్లా వాళ్లే సరిచేస్తారు. ఇది చిన్న లాభం కాదు. షాపిఫై ప్లస్ (పెద్ద షాపుల ప్లాన్) షాపులకు చెక్అవుట్ పేజీల్లో పాత పద్ధతి కోడ్‌ను 2024 ఆగస్టులో, థాంక్యూ పేజీలో 2025 ఆగస్టులో తీసేశారు. మిగతా షాపులకు గడువు 2026 ఆగస్టు. అప్పట్లో థాంక్యూ పేజీలో స్క్రిప్టులు అతికించుకున్నవాళ్లు ఇప్పుడు వాటిని వెతికి మార్చుకోవాలి.

లోటు ఏమిటంటే లోపల ఏం జరుగుతోందో మీకు కనిపించదు. జీఎస్టీ కలిపి పంపుతోందా, షిప్పింగ్ కలిపి పంపుతోందా అన్నది మీరు మార్చలేకపోవచ్చు. మెటా యాప్‌లో డేటా షేరింగ్ స్థాయి ఏదో చూడండి. కింది స్థాయిలో బ్రౌజర్ పిక్సెల్ మాత్రమే పనిచేస్తుంది, పై స్థాయిలో సర్వర్ నుంచి కూడా వెళ్తుంది. చాలా షాపుల్లో ఎవరూ చూడక కింది స్థాయిలోనే ఉండిపోతుంది.

ఇంకో మాట. చెక్అవుట్‌ను షాపు సొంతది కాకుండా వేరే కంపెనీ ఒక్క క్లిక్ చెక్అవుట్‌తో మార్చుకున్న షాపులు మన దగ్గర ఎక్కువయ్యాయి. అడ్రసు తానే నింపుతుంది, సీఓడీ ఆర్డర్లను వడపోస్తుంది కాబట్టి మంచిదే. కానీ కొనుగోలు మీ షాపు చెక్అవుట్‌లో జరగదు కాబట్టి షాపు యాప్ ఈవెంట్లు అక్కడ ఆగిపోవచ్చు. అలాంటప్పుడు ముందు ఆ చెక్అవుట్ కంపెనీనే అడగండి, సర్వర్ నుంచి మెటాకూ గూగుల్‌కూ కొనుగోలు పంపుతారా, పంపితే ఏ ఈవెంట్ ఐడీతో పంపుతారు అని. వాళ్లూ పంపి, యాప్ కూడా పంపితే మళ్లీ రెట్టింపు లెక్క మొదలవుతుంది.

నెలకు యాభై, అరవై ఆర్డర్ల లోపు ఉన్న షాపు ఈ దారిలోనే ఉండటం మంచిదని నా అభిప్రాయం. ఆ సంఖ్య దగ్గర వారానికోసారి షీటులో జత చేసుకుని, ఆర్డరు అయ్యాక వాట్సాప్‌లో "మా షాపు గురించి ఎక్కడ చూశారండీ?" అని అడిగితే చాలు. మనుషులు చెప్పే జవాబు ఆ స్థాయిలో ఏ రిపోర్టుకూ తీసిపోదు.

రెండో దారి: గూగుల్ ట్యాగ్ మేనేజర్

అన్నీ మన చేతిలో ఉండాలంటే ఇది. ఏ బటన్ నొక్కితే ఏ ఈవెంట్ వెళ్లాలో, విలువలో జీఎస్టీ తీసేయాలా వద్దా, సీఓడీకి వేరే గుర్తు పెట్టాలా, అన్నీ మీరే నిర్ణయించవచ్చు. వదిన షాపులో పాప కొలతలు నింపే పేజీ ఒకటుంది. చాలామంది అక్కడే ఆగిపోయి వెళ్లిపోతారు. ఆ సంగతి యాప్ ఎప్పటికీ చెప్పదు, ట్యాగ్ మేనేజర్‌తో చిన్న ఈవెంట్ పెడితే తెలిసింది. కొలతల పేజీ మార్చాక వచ్చిన మేలు, ఏ యాడ్ మార్చినా రాలేదు.

కానీ ఇది దిక్కు లేకుండా వదిలేసే సామాను కాదు. థీమ్ మారితే పగులుతుంది. వూకామర్స్‌లో పేజీ వేగం కోసం పెట్టిన క్యాష్ (cache) ప్లగిన్ స్క్రిప్టులను ఆలస్యంగా తెరిస్తే, థాంక్యూ పేజీ మూసేలోపు ట్యాగ్ పనిచేయకుండా పోవచ్చు. షాపిఫై చెక్అవుట్‌లో కస్టమ్ పిక్సెల్ ద్వారా పెడితే అది ఒక వేరు గదిలో బందీ అయినట్టు నడుస్తుంది, మామూలు ప్రివ్యూ అక్కడ పనిచేయదు, తప్పు వెతకడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, తిరిగిరాని టెస్ట్‌లో ఇదీ ఓడిపోతుంది. బ్రౌజర్‌లో నడిచేది ఏదైనా పేజీ తెరుచుకుంటేనే పనిచేస్తుంది కాబట్టి యూపీఐ నష్టానికి ట్యాగ్ మేనేజర్ మందు కాదు. వదినతో మొత్తం మళ్లీ రాస్తానన్న కుర్రాడు మంచివాడే, పనీ వచ్చు, కానీ ఆ పది ఆర్డర్లు అతను రాసినా కనపడేవి కావు.

ఇంట్లోనో, షాపులోనో నెలకు నాలుగైదు గంటలు దీనికి ఇవ్వగల మనిషి ఉంటే ఈ దారి పట్టండి. కొనుగోలు ఈవెంట్ మాత్రం యాప్‌కే వదిలేసి, మిగతా చిన్న ఈవెంట్లకు ట్యాగ్ మేనేజర్ వాడితే ఇంకా మేలు. కొనుగోలుకు ఒక్కటే దారి ఉండాలి.

పేమెంట్ గేట్‌వే పేరు ఎనలిటిక్స్‌లో ట్రాఫిక్ తెచ్చిన సైట్‌లాగా కనిపిస్తుంటే దానికి ట్యాగ్ మేనేజర్ పండితుడు అక్కర్లేదు. జీఏ4 అడ్మిన్‌లో డేటా స్ట్రీమ్ తెరిచి, ట్యాగ్ సెట్టింగుల్లో అవాంఛిత రెఫరల్స్ జాబితాలో ఆ డొమైన్ రాయండి. ఐదు నిమిషాలు.

మూడో దారి: సర్వర్ నుంచి పంపడం

తిరిగిరాని టెస్ట్‌ను నిజంగా దాటగలిగేది ఇదొక్కటే. డబ్బు వచ్చిందని గేట్‌వే చెప్పగానే మన సర్వర్ ఆ కొనుగోలును మెటా కన్వర్షన్స్ ఏపీఐకి, జీఏ4 మెజర్‌మెంట్ ప్రోటోకాల్‌కు పంపుతుంది. పేజీ తెరుచుకున్నా తెరుచుకోకపోయినా లెక్క చేరుతుంది. అయితే ఇందులోనే మూడు రకాలున్నాయి. ఖర్చులో చాలా తేడా.

ప్లాట్‌ఫామ్ యాప్‌లో ఉన్న సర్వర్ పద్ధతిని ఆన్ చేయడం మొదటి రకం. ఖర్చు లేదు. ముందు ఇదే చేయండి, తర్వాత టెస్ట్ పెట్టండి.

ఆర్డరు నమోదైనప్పుడు నడిచే చిన్న వెబ్‌హుక్ కోడ్ రాయించుకోవడం రెండో రకం. చెక్అవుట్ మొదలైనప్పుడే జీఏ4 క్లయింట్ ఐడీ, గూగుల్ క్లిక్ ఐడీ, మెటా కుకీ విలువలు (కొన్నది ఎవరో, ఏ యాడ్ నొక్కి వచ్చారో చెప్పే గుర్తులు) ఆర్డరుకు జత చేసి దాచాలి, తర్వాత కొనుగోలుతో పాటు పంపాలి. ఇవి దాచకపోతే ఆర్డరు చేరుతుంది గానీ ఏ యాడ్ వల్ల వచ్చిందో తెలియదు, అప్పుడు చేసిన పనంతా సగమే. జీఏ4కు పంపేది 72 గంటల్లోపు పంపాలి. మెటాకు బ్రౌజర్ నుంచీ సర్వర్ నుంచీ ఒకే ఐడీతో 48 గంటల్లోపు వస్తే ఒకటిగా కలుపుతుంది. గూగుల్ యాడ్స్‌కైతే దాచిన క్లిక్ ఐడీలను షీటులో పెట్టి అప్‌లోడ్ చేసే పద్ధతి కూడా ఉంది. చివరి క్లిక్ నుంచి 90 రోజుల లోపువే తీసుకుంటుంది. కోడ్ రాసేవాళ్లు దొరకని షాపుకు ఈ అప్‌లోడ్ మంచి ఆసరా.

మూడో రకం పూర్తి సర్వర్ సైడ్ ట్యాగ్ మేనేజర్. మన సబ్‌డొమైన్ మీద ఒక సర్వర్ నడుపుకోవాలి. గూగుల్ క్లౌడ్ రన్ మీద అయితే ఒక్కో సర్వర్‌కు నెలకు 45 డాలర్ల దాకా అవుతుందనీ, కనీసం రెండు పెట్టుకోమనీ గూగులే చెబుతుంది. అంటే ఏడెనిమిది వేల రూపాయలు, ఆర్డర్లు వచ్చినా రాకపోయినా. ఏ ఒక్క ప్లాట్‌ఫామ్ యాప్‌కూ లొంగని పెద్ద షాపులకు, నాలుగైదు చోట్ల యాడ్లు పెట్టేవాళ్లకు ఇది సరైనది. వారానికి యాభై ఆర్డర్ల షాపుకు భారం.

దీన్ని అమ్మేటప్పుడు చెప్పే ఒక మాట సరిచూసుకోండి. ఐఫోన్ సఫారీలో స్క్రిప్టు పెట్టిన కుకీ (మనిషిని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే గుర్తు) ఏడు రోజులకే పోతుంది. ఇది నిజం. మా ఎన్నారై కస్టమర్లలో ఎక్కువమంది ఐఫోన్ వాళ్లే. న్యూజెర్సీలో అమ్మాయి యాడ్ నొక్కి ఫొటో అనంతపురంలో ఉన్న అమ్మకు పంపి, రంగు మీద చర్చ అయ్యి, పన్నెండో రోజున కొంటుంది. అప్పటికి కుకీ లేదు, యాడ్‌కు పేరు రాదు. సర్వర్ పెట్టుకుంటే కుకీ రెండేళ్లు బతుకుతుందని చెబుతారు. కానీ సఫారీ 16.4 నుంచి, కుకీ పెట్టే సర్వర్ ఐపీ అడ్రసు మీ సైట్ ఐపీతో కలవకపోతే దానికీ ఏడు రోజులే. షాపు ఒకచోట, ట్యాగ్ సర్వర్ ఇంకోచోట ఉండే చిన్న షాపుల్లో ఐపీలు కలవడం అరుదు. ఈ నష్టాన్ని కొంత తీర్చేది ఈమెయిల్, ఫోన్ నంబర్లను హ్యాష్ చేసి (నేరుగా చదవలేని సంకేతంగా మార్చి) పంపే పద్ధతి. గూగుల్ దీన్ని ఎన్‌హాన్స్‌డ్ కన్వర్షన్స్ అంటుంది. చేత్తో రాయించుకుంటే ఫోన్ నంబరుకు దేశం కోడ్ కలిపాకే హ్యాష్ చేయమని చెప్పండి. 91 లేకుండా హ్యాష్ చేసిన పది అంకెలు ఎవరితోనూ జత కావు.

హ్యాష్ చేసినంత మాత్రాన అది కస్టమర్ సమాచారం కాకుండా పోదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది, అది మనకూ వర్తించేదే. ఏం తీసుకుంటున్నామో, ఎవరికి పంపుతున్నామో ప్రైవసీ పేజీలో మామూలు మాటల్లో రాసి, ఒప్పుకోలు తీసుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్ తెలుగువాళ్లకు కూడా యాడ్లు పెడుతుంటే, వాళ్ల ఒప్పుకోలు సంగతి గూగుల్‌కు చెప్పే కన్సెంట్ మోడ్ 2024 మార్చి నుంచి అవసరం.

నెలనెలా కట్టే అట్రిబ్యూషన్ యాప్‌లు

వీటి గురించి ఎక్కువ చెప్పను. ఏ ఆర్డరు ఏ యాడ్‌దో తమ సొంత లెక్కతో చూపిస్తాయి, స్క్రీన్ అందంగా ఉంటుంది. అడుగున ట్యాగ్ తప్పుగా ఉంటే ఆ తప్పే ఇంకో రంగులో కనిపిస్తుంది. యాడ్ల ఖర్చు నెలకు లక్షల్లో ఉండి, మూడు నాలుగు చోట్ల పంచాల్సి వస్తే అప్పుడు ఆలోచించండి.

చేసేది ఎవరు

యాడ్లు నడిపే ఏజెన్సీకే ట్రాకింగ్ అప్పగించవద్దు. వాళ్ల నిజాయితీని అనుమానించి ఈ మాట అనడం లేదు. వాళ్ల పని ఎంత బాగుందో తేల్చే తక్కెడ వాళ్ల చేతిలోనే ఉండకూడదు. వదినకు ఇంతకుముందున్న ఒక ఏజెన్సీ మెటా పిక్సెల్‌ను తమ బిజినెస్ ఖాతాలో తయారు చేసింది. వాళ్లతో పని మానేశాక ఆ పిక్సెల్‌లో పేరుకున్న రెండేళ్ల సమాచారం అక్కడే ఉండిపోయింది. తిరిగి ఇవ్వమని నెల రోజులు తిరిగినా కుదరలేదు. ఆ టెన్షన్ మీకు వద్దు. జీఏ4, ట్యాగ్ మేనేజర్, మెటా బిజినెస్, గూగుల్ యాడ్స్ అన్నీ మీ మెయిల్ ఐడీతో మీరే తెరిచి, పనిచేసేవాళ్లకు యాక్సెస్ మాత్రం ఇవ్వండి.

ఫ్రీలాన్సర్‌ను పెట్టుకుంటే గంటల లెక్క మాట్లాడకండి. రెండు వారాల ఆర్డర్ల షీటు ముందుంచి, "కనపడని ఆర్డర్లు నూటికి ఐదు లోపుకు రావాలి, విలువలు పైసతో సహా కలవాలి, తిరిగిరాని టెస్ట్ దాటాలి" అని రాసుకుని, సగం డబ్బు ముందు, సగం ఆ షీటు కలిశాక అని ఒప్పుకోండి. పని తెలిసినవాళ్లు ఈ షరతుకు వెనకాడరు. "మీ సైట్‌కు ఎన్ని దారుల్లో కొనుగోలు ఈవెంట్ వెళ్తోంది?" అని అడగండి. సైట్ తెరిచి చూడకుండా జవాబు చెప్పేవాళ్లను పెట్టుకోకండి.

సీఓడీ ఎక్కువ ఉన్న షాపులకు

మీ ఆర్డర్లలో సగం సీఓడీ అయితే పైన చెప్పిన ఏ దారి కన్నా ముందు ఒకటి తేల్చుకోండి: ఆర్డరు వచ్చినప్పుడు కొనుగోలు అనాలా, డెలివరీ అయినప్పుడా? ఆర్డరు దగ్గరే లెక్కేస్తే, తలుపు దగ్గర వద్దని వెనక్కి పంపేవాళ్లను కూడా మంచి కస్టమర్లనుకుని యాడ్ సిస్టమ్ అలాంటివాళ్లనే ఇంకా వెతుకుతుంది. డెలివరీ దగ్గర లెక్కేస్తే వారం ఆలస్యమవుతుంది. నేను ఆర్డరు దగ్గరే పంపి, సీఓడీకి వేరే గుర్తు పెట్టి, ఆర్‌టీఓ అయినవాటిని (తీసుకోకుండా షాపుకు తిరిగి వచ్చినవాటిని) జీఏ4లో రీఫండ్‌గా, గూగుల్ యాడ్స్‌లో కన్వర్షన్ సవరణగా వెనక్కి తీసే పద్ధతిని ఎంచుకుంటాను. వదిన షాపులో సీఓడీ వారానికి ఎనిమిదే కాబట్టి అంత దూరం వెళ్లలేదు.

ఎప్పుడు మార్చాలి

పండుగ సీజన్ మధ్యలో మార్చకండి. కన్వర్షన్ లెక్క ఒక్కసారి పెరిగినా తగ్గినా ఆటోమేటిక్ బిడ్డింగ్ కొన్నాళ్లు తడబడుతుంది. దసరాకో, సంక్రాంతికో నెల ముందే ముగించండి, లేదంటే పండుగ అయ్యాక మొదలుపెట్టండి. కరెన్సీ తప్పు, రెట్టింపు లెక్క లాంటివి మాత్రం కనపడిన రోజే సరిచేయాలి, అవి ఉన్నంతకాలం డబ్బు పోతూనే ఉంటుంది. ట్రాకింగ్ పాడైన రోజులను గూగుల్ యాడ్స్‌లో డేటా ఎక్స్‌క్లూజన్‌గా పెడితే ఆ రోజుల లెక్కను బిడ్డింగ్ పట్టించుకోదు.

వదిన షాపులో చివరికి ఇలా చేశాం. కరెన్సీ లైను ఆ ఆదివారమే మార్చాం. థీమ్‌లోని పాత పిక్సెల్ తీసేశాం. గూగుల్ యాడ్స్‌లో ఒక కన్వర్షన్‌ను సెకండరీ చేశాం. కొనుగోలు ఈవెంట్‌ను యాప్‌కు వదిలి సర్వర్ పద్ధతి ఆన్ చేశాం. జీఏ4 కోసం మాత్రం నా స్నేహితుడితో చిన్న వెబ్‌హుక్ కోడ్ రాయించాం. పెద్ద సర్వర్ పెట్టలేదు, నెలనెలా కట్టే యాప్ కొనలేదు. మూడు వారాల తర్వాత షీటు మళ్లీ చేస్తే 52 ఆర్డర్లలో 50 జత కలిశాయి. మిగిలిన రెండూ ఎందుకు రాలేదో వెతకలేదు.

అమెరికా యాడ్లు మళ్లీ మొదలుపెట్టాం. పార్సిల్ చేరడానికి పట్టే రోజులు లెక్కేసుకుని సంక్రాంతి ఆర్డర్లు డిసెంబరు 20తో ఆపేసింది వదిన. ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున, కుట్టేవాళ్లు వచ్చేలోపు, ఆ షీటు తనే చేసుకుంటోంది.